పన్నెండు గంటల పట్టీ: పదకొండు నెలల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను. నరాల నొప్పికి చర్మం మీద అంటించుకునే ఈ లిడోకెయిన్ మందు పట్టీ నా నొప్పిని పూర్తిగా తీసేయలేదు. సగం కూడా తీయలేదు. పదికి ఏడు ఉండే నొప్పి ఐదుకి దిగుతుంది, బాగున్న రోజైతే నాలుగుకి. అంతకుముందు మింగిన మాత్రలు దీనికంటే ఎక్కువే తగ్గించాయి. అయినా పదకొండు నెలలుగా రోజూ దీన్నే అంటించుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే నేను చేసే పని గురించి చెప్పాలి.

నేను ప్రూఫ్‌రీడర్‌ని. ముప్ఫై ఏళ్లుగా ఎవరెవరో రాసిన వాక్యాల్లో పోయిన వత్తులు, జారిన దీర్ఘాలు, అక్కర్లేని కామాలు వెతుక్కుంటూ బతుకుతున్నాను. ఈ పనికి కళ్లకంటే కుదురు ముఖ్యం. చదివేది అర్థమవుతూనే ఉండాలి, కానీ అర్థంలో పడి కొట్టుకుపోకూడదు. ఒక్క క్షణం ఏమరితే తప్పు కళ్ల ముందునుంచే నడిచి వెళ్లిపోతుంది.

రెండేళ్ల కిందట ఎడమ రొమ్ము కింద మొదలై పక్కటెముక వెంట వీపు దాకా, సగం బెల్టు కట్టినట్టు నీటిపొక్కులు లేచాయి. సర్పి అన్నారు, అంటే హెర్పిస్ జోస్టర్. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్సే నరాల మొదళ్లలో దశాబ్దాల పాటు పడుకుని, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేస్తుందట. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు యాంటీవైరల్ మందు మొదలుపెట్టడం మంచిదంటారు. నేను చేతిలో ఉన్న పుస్తకం ఆఖరి ప్రూఫులు పూర్తిచేసి ఆరో రోజున వెళ్లాను. పొక్కులు మూడు వారాల్లో మాడిపోయాయి. నొప్పి మాత్రం ఉండిపోయింది. మూడు నెలలు దాటాక డాక్టరు దానికో పేరు పెట్టారు: పోస్ట్ హెర్పిటిక్ న్యూరాల్జియా, అంటే సర్పి పోయాక మిగిలిపోయే నరాల నొప్పి.

ఈ నొప్పి రాని వాళ్లకు చెప్పడం కష్టం. ఎప్పుడూ ఉండే మంట ఒకటి, కాలిన చోట నీళ్లు పోయకుండా వదిలేసినట్టు. మధ్యమధ్య చెప్పాపెట్టకుండా కరెంటు కొట్టినట్టు ఒక జివ్వు. ఈ రెండూ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది మూడోది, తాకిడి. అరచేత్తో గట్టిగా అదిమితే పర్వాలేదు. మెత్తటి బట్ట అలా రాసుకుంటే చాలు, ప్రాణం పోతుంది. ఫ్యాను గాలికి చొక్కా కదిలితే నొప్పి. దీన్ని అలోడైనియా అంటారని తర్వాత తెలిసింది. మామూలు నొప్పిమాత్రలు, అంటే పారాసెటమాల్, ఐబూప్రోఫెన్ లాంటివి, ఇలాంటి నొప్పిమీద పెద్దగా పనిచేయవు. ఆ సంగతి తెలియక నెల రోజులు మింగాను.

తర్వాత అమిట్రిప్టిలిన్ ఇచ్చారు, రాత్రిపూట 10 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 25. నిద్ర పట్టింది. కానీ తెల్లారేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. మలబద్ధకం సంగతి రాయను. పొద్దున పదకొండు దాకా తల దుప్పట్లోనే ఉన్నట్టుండేది. అది మాన్పించి ప్రీగాబాలిన్ మొదలుపెట్టారు. 75తో మొదలై, మెల్లగా పెంచుకుంటూ పొద్దునొకటి రాత్రొకటి 150 దాకా వెళ్లాం. ఇది నిజంగా పనిచేసింది. ఏడు కాస్తా మూడయింది. మొదటి వారం డాక్టరుగారికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండో నెలలో చీలమండలు వాచాయి. బరువు నాలుగు కిలోలు పెరిగాను. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చేది. వీటితో కూడా సర్దుకుపోయేదాన్నేమో. ఒకరోజు అచ్చయి వచ్చిన పుస్తకం ఒకటి తెరిచాను, నేను దిద్దిందే. మొదటి పేజీలోనే 'విద్యార్ధి'. పదహారో పేజీలో 'జీవితానికి అర్ధం'. రచయిత జీవితానికి అర్థం ఏమిటని అడిగితే, నేను సగం ఏమిటని అడిగించాను. థకీ ధకీ తేడా నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. అలాంటిది మూడుసార్లు చదివిన పేజీలో కనపడలేదు. అదేవారం మా అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతూ 'కత్తెర' అనే మాట కోసం ఆగిపోయాను. 'అదే, కోసేది, రెండు వేళ్లతో పట్టుకునేది...' అంటుంటే అవతల చప్పుడు లేదు. కాసేపటికి, 'అమ్మా, నువ్వు ఆ మాత్రల గురించి డాక్టరుకి చెప్పావా?' అంది.

చెప్పలేదు. నొప్పి తగ్గింది కదా, మిగతావి ఫిర్యాదు చేస్తే బాగుండదని ఊరుకున్నాను. డాక్టర్లు ప్రతిసారీ అడిగేది 'పదికి ఎంత?' అనే కదా. నేను మూడు అనేదాన్ని. ఆయన సంతోషంగా రాసుకునేవారు. ఆ మూడు కోసం నేనేం మూల్యం చెల్లించుకుంటున్నానో ఆ కాగితంలో రాసుకునే గడి లేదు. ఈసారి వెళ్లినప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లి పదహారో పేజీ చూపించాను. ఆయన నవ్వలేదు. మాత్ర ఒక్కసారిగా ఆపకూడదని, అలా ఆపితే నిద్రలేమి, వికారం, చెమటలు, ఆందోళన, ఇంకా పెద్ద ఇబ్బందులు కూడా రావచ్చని చెప్పి, కొన్ని వారాల్లో మెట్టుమెట్టుగా తగ్గించేలా రాసిచ్చారు. దాంతోపాటే ఈ పట్టీ.

ఇక పట్టీ సంగతి. అరచేతికంటే కాస్త పెద్దది, 10 సెంటీమీటర్ల వెడల్పు, 14 పొడవు. ఒకవైపు తెల్లటి మెత్తటి బట్ట, ఇంకోవైపు చల్లగా తడిగా ఉండే జిగురు, దానిమీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. లిడోకెయిన్ 5 శాతం, అంటే ఒక్కో పట్టీలో 700 మిల్లీగ్రాములు. పళ్ల డాక్టరు చిగురుకి సూదిమందుగా ఇచ్చేది ఇదే లిడోకెయిన్. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. పట్టీ రూపంలో సరిగ్గా నాకున్న ఈ నొప్పి కోసమే అమెరికాలో 1999లో అనుమతి ఇచ్చారు. 700 అనే అంకె చూసి మొదట భయపడ్డాను. కానీ అందులో ఒంట్లోకి వెళ్లేది సుమారు 3 శాతమేనట. మిగతాదంతా పట్టీలోనే ఉండిపోతుంది. (ఈ మిగతాదాని దగ్గరికి మళ్లీ వస్తాను, అక్కడో గొడవ జరిగింది.)

పనిచేసే తీరు కూడా నాకు నచ్చింది. దెబ్బతిన్న నరం ఎవరూ తట్టకుండానే సంకేతాలు పంపుతూ ఉంటుంది. ఆ సంకేతం పుట్టాలంటే నరం పొరలో సోడియం దారులు తెరుచుకోవాలి. లిడోకెయిన్ ఆ దారుల్ని మూసేస్తుంది. మాత్ర ఒళ్లంతా తిరిగి, మెదడుకీ చెప్పి, దారిలో నా మాటల్ని కూడా పట్టుకుపోయేది. ఇది గొడవ జరిగే వీధిలోనే తలుపేస్తుంది. పళ్ల డాక్టరు ఇంజెక్షన్‌లా మొద్దుబారిపోతుందనుకున్నాను, అలా కాదు. వేలు పెడితే స్పర్శ తెలుస్తుంది. మంట మాత్రం పక్కగదిలోకి వెళ్లినట్టుంటుంది. నా అనుభవంలో ఇంకో లాభం మందుది కూడా కాదు, పట్టీది. బట్టకీ చర్మానికీ మధ్య అదో గోడ. చొక్కా కదిలినా రాసుకునేది పట్టీకి, నాకు కాదు.

మొదటి మూడు రోజులు ఏ తేడా తెలియలేదు. పెట్టెలో పెట్టేద్దామనుకున్నాను. ఐదో రోజు పనిలో కూర్చుని గడియారం చూస్తే రెండు గంటలు గడిచాయి, ఆ రెండు గంటల్లో పక్కటెముక గుర్తు రాలేదు. రెండు వారాలు చూడకుండా తీర్పు చెప్పకండి. అప్పటికీ తేడా లేకపోతే, మీకిది పడదని డాక్టరుకి చెప్పేయండి.

అంటించుకోవడంలో కొంత విద్య ఉంది. చర్మం శుభ్రంగా, పూర్తిగా ఆరి ఉండాలి. స్నానం చేసి వెంటనే అంటిస్తే పదినిమిషాల్లో అంచులు లేస్తాయి. క్రీము, పౌడరు ఏదీ ఉండకూడదు. కత్తెరతో మనకు కావలసిన ఆకారంలో కోసుకోవచ్చు, కానీ ప్లాస్టిక్ పొర తీయకముందే కోయాలి. నేను మొదటిసారి పొర తీశాక కోశాను, కత్తెరకీ వేళ్లకీ పట్టీకీ ముగ్గురికీ పెళ్లయింది. పక్కటెముకలు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి మొత్తం పట్టీ ఒకేలా కూర్చోదు. నిలువుగా రెండు చీలికలు చేసి, ఒకటి ముందు, ఒకటి చంక కింద అంటిస్తే నిలుస్తుంది. పుండు, గీరుకుపోయిన చోటు, ఆరని పొక్కు ఉంటే అక్కడ అసలు అంటించకూడదు. ఒకేసారి మూడు పట్టీలకు మించి వాడకూడదు. నాకు ఒకటిన్నర సరిపోతుంది.

వీపు దగ్గరే చిక్కు. పొద్దున ఇంట్లో నేనొక్కదాన్నే. రెక్క ఎముక కింద నా చెయ్యి అందదు. ఒకరోజు తెలివి ఉపయోగించి పట్టీని కుర్చీ వీపుమీద జిగురు పైకి ఉండేలా నిలబెట్టి మెల్లగా వెనక్కి వాలాను. పట్టీ చక్కగా అంటుకుంది, కుర్చీకి. ఇప్పుడు వీపుకి దగ్గరగా ఉండే ముక్కను పక్కకు తిరిగి అద్దంలో చూసుకుంటూ అందినంత వరకే అంటిస్తాను. అందని నాలుగు వేళ్ల మేర నొప్పి దాని మానాన అది ఉంటుంది.

చెమట పట్టీకి శత్రువు. అంచులు చుట్టుకుపోయి, బట్టకి అంటుకుని, తీసేటప్పుడు బట్టే పట్టీని పీకేస్తుంది. కవరు సరిగ్గా మూయకపోయినా ఇంతే. నాకు దొరికే రకంలో ఒక కవరులో ఐదు ఉంటాయి, మూత గట్టిగా నొక్కకపోతే మిగతా నాలుగూ ఎండి అట్టముక్కలవుతాయి. అలా రెండు కవర్లు పోగొట్టుకున్నాను. నాలుగో నెలలో అంటించిన చోట ఎర్రబడి దురద పెట్టింది. మూడు రోజులు ఆపితే తగ్గింది. అప్పటినుంచి రోజూ ఒకే అంచు ఒకే గీతమీద పడకుండా కొంచెం అటూ ఇటూ జరుపుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం. పట్టీని 24 గంటల్లో 12 గంటలే ఉంచాలి. తర్వాత 12 గంటలు చర్మానికి విశ్రాంతి. అంటే రోజులో సగం మీకు ఉపశమనం ఉంటుంది, ఏ సగమో మీరే తేల్చుకోవాలి. ఇదే ఈ పట్టీలోని పెద్ద లోపం, ఆలోచించిన కొద్దీ పెద్ద సౌకర్యం కూడా. నేను మొదట రాత్రి పెట్టుకున్నాను. నిద్ర ముఖ్యం కదా అని. నిద్ర పట్టింది, నిజమే. కానీ పొద్దున ఎనిమిదికి పట్టీ తీసి ప్రూఫుల ముందు కూర్చుంటే తొమ్మిదిన్నరకి మంట తిరిగొచ్చేది. కాగితం మీద అక్షరాలు కాదు, పక్కటెముకను చదువుతూ కూర్చునేదాన్ని.

రెండు వారాలు నోటుబుక్కులో రాసుకున్నాను. రాత్రి పట్టీ, పగలు పట్టీ, ఏది పెట్టినప్పుడు ఎన్ని పేజీలు దిద్దాను, మర్నాడు మళ్లీ చూస్తే ఎన్ని తప్పులు దొరికాయి, నిద్రలో ఎన్నిసార్లు లేచాను. నొప్పి అంకె కూడా రాశాను, కానీ ఆఖరి గడిలో. ఆ పుస్తకం డాక్టరుకి చూపిస్తే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ప్రీగాబాలిన్ పూర్తిగా ఆపకుండా రాత్రి 75 ఒక్కటే ఉంచారు. మత్తు దాని దోషం కదా, ఆ దోషాన్ని నిద్రలోకి తోసేయడం. పగలంతా పట్టీ. పొద్దున ఎనిమిదికి అంటిస్తాను, రాత్రి ఎనిమిదికి తీస్తాను, తొమ్మిదికి మాత్ర. ఎనిమిదికీ పదికీ మధ్య రెండు గంటలు కాస్త కష్టం. ఆ టైములో ఒంటికి అంటిపెట్టుకుని ఉండే బనియను వేసుకుంటాను. వదులు బట్ట మంచిదని అందరూ చెప్తారు, నాకు మాత్రం వదులుగా ఉంటేనే రాసుకుంటుంది, బిగుతుగా ఉంటే కదలదు. ఎవరి నరం వాళ్లది.

కాళ్ల వాపు తగ్గింది. పెరిగిన నాలుగు కిలోల్లో రెండే పోయాయి. 'కత్తెర' తిరిగొచ్చింది.

ఇందాక చెప్పిన గొడవ. వాడేసిన పట్టీలో మందు 90 శాతానికి పైగా మిగిలే ఉంటుంది. నాకది తెలుసు, అయినా నిర్లక్ష్యం. మా అమ్మాయి కొడుకుని తీసుకుని వచ్చిన రోజు రాత్రి తీసిన పట్టీని మూతలేని బుట్టలో పడేశాను. రెండేళ్లవాడు. కాసేపటికి 'అమ్మా, ఇది చూశావా?' అని మా అమ్మాయి గొంతు. వాడు పట్టీని బొమ్మ ఎలుగుబంటి పొట్టకి అంటించి, నా లాగే అరచేత్తో అదుముతున్నాడు. నోట్లో పెట్టుకుని ఉంటే? పిల్లలు గాని, పెంపుడు జంతువులు గాని నమిలితే చాలా ప్రమాదం. అప్పటినుంచి జిగురు వైపు లోపలికి మడిచి, మూత ఉన్న డబ్బాలో, ఎత్తులో పెడుతున్నాను. అంటించాక, తీశాక చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోకండి. కంట్లో పెట్టుకుంటే మంట అనుభవం నాకుంది, మీకొద్దు.

ఇంకో తప్పు కూడా చేశాను. ఒక సాయంత్రం నడుం నొప్పిగా ఉందని వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని పడుకున్నాను, అది పట్టీ మీదికి జారింది. వేడి తగిలితే మందు ఎక్కువగా ఒంట్లోకి వెళ్తుంది. నాకేం కాలేదు గాని, ఆ రాత్రంతా గుండె చప్పుడు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. గుండె లయ తప్పినందుకు మందులు వాడేవాళ్లు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లు, పళ్ల డాక్టరు ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ ఎప్పుడైనా పడనివాళ్లు ఈ పట్టీ మొదలుపెట్టే ముందే డాక్టరుకి ఆ సంగతి చెప్పాలి.

దీని వెనక శాస్త్రం ఎంత గట్టిదని అడిగేవాళ్లుంటారు. అంత గట్టిది కాదు. నరాల నొప్పి మందుల మీద 2015లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన సిఫార్సుల్లో మాత్రలది మొదటి వరుస, ఈ పట్టీది రెండో వరుస. వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి తూచే కాక్రేన్ అనే సంస్థ 2014 నాటి సమీక్ష, మంచి నాణ్యత ఉన్న పరీక్షల నుంచి దీనికి ఆధారం దొరకలేదని, విడివిడిగా కొన్ని అధ్యయనాల్లో మాత్రం పనిచేసినట్టు కనిపించిందని తేల్చింది. నాకు పనిచేసింది కాబట్టి అందరికీ చేస్తుందని నేను అనను. నొప్పి ఒకచోట, చేత్తో గీత గీసి చూపించగలిగేంత చోట ఉన్నవాళ్లకే ఇది అర్థవంతం. రెండు కాళ్లూ మోకాళ్ల దాకా మండేవాళ్లు మూడు పట్టీలతో ఎక్కడని కప్పుతారు?

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. అంచులు నిలవనందుకు ఒకటి తీసేశాను. కవరు మూతకి అర.

మరో అర క్లినిక్‌లో పట్టీతో పాటు ఇచ్చిన తెలుగు కాగితానికి తీసేద్దామనుకున్నాను గాని అది పట్టీ తప్పు కాదు. ఎలా వాడాలో ఎనిమిది వాక్యాల్లో ఉంది, బాగానే రాశారు. ఆఖరి వాక్యం మాత్రం 'సూచనలు అర్ధం కాకపోతే వైద్యుణ్ణి అడగండి'. ఎర్రపెన్నుతో దిద్ది, కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఇచ్చాను. పోయిన నెల వెళ్తే కొత్తగా అచ్చేసిన కాగితం ఇచ్చింది. 'అర్థం' సరిగ్గా పడింది. పైన శీర్షికలో 'జాగ్రత్థలు' అని ఉంది.